“మా ఊరికి గాంధీగారు వచ్చారంటారు, రాయొచ్చా?” ఊరి చరిత్రను దేశ చరిత్రతో కలపడం ఎలా

ఏడాదికి పదిమందైనా ఇదే అడుగుతారు. గుడి కుంభాభిషేకానికి సావనీరు వేస్తున్నారు, లేదా బడికి వందేళ్లు నిండాయి, లేదా ఊరి కుర్రాళ్లు వాట్సాప్ గ్రూపులో ‘మన ఊరి చరిత్ర’ అని మొదలుపెట్టారు. రాజుల కాలం గురించి ఒక పేరా ఎలాగో నడుస్తుంది. స్వాతంత్ర్య పోరాటం దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. “ఉప్పు సత్యాగ్రహంలో మా ఊరివాళ్లు ఏం చేశారో ఎలా తెలుస్తుంది?” అని ఫోన్ చేస్తారు. గాంధీగారి ప్రశ్న మాత్రం ప్రతి ఒక్కరూ వేస్తారు.

రాయొచ్చు. ఆయన వచ్చి ఉంటే.

చాలామంది చేసే పని ఏమిటంటే, పాఠ్యపుస్తకంలో పేరా ఒకటి తెచ్చి “యావద్దేశంతో పాటు మా గ్రామ ప్రజలు కూడా” అని ముందు తగిలించడం. ఆ పేరాలో మీ ఊరి పేరు కొట్టేసి పక్క ఊరి పేరు పెట్టి చూడండి. వాక్యం అలాగే నిలబడిందా? అయితే అది మీ ఊరి చరిత్ర కాదు. ఊరికీ దేశానికీ ముడి ఉందని చెప్పాలంటే ఏదో ఒకటి ఊరి పొలిమేర దాటి ఉండాలి. జైలుకెళ్లిన మనిషి, పన్ను నోటీసు, కాలువ నీళ్లు, యుద్ధం నుంచి వచ్చిన మనియార్డరు, ఏదైనా సరే. అది ఎప్పుడు దాటిందో, మీకెలా తెలిసిందో చెప్పగలిగితే చాలు. కింద రాసిందంతా దాన్ని పట్టుకునే పద్ధతి.

కావలసినవి

- రెండు నోటుపుస్తకాలు. ఒకటి విన్నవాటికి, రెండోది కాగితం మీద కళ్లారా చూసినవాటికి. ఈ రెండూ కలిసిపోయాయంటే మళ్లీ విడదీయడం మీ వల్ల కాదు, నా అనుభవం.
- రికార్డింగుకూ ఫొటోలకూ ఫోను. మెమరీ ముందే ఖాళీ చేసుకోండి.
- ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై తెలుగు సంవత్సరాల పేర్ల పట్టిక. పంచాంగంలో ఉంటుంది.
- మీ వీధి కాని, మీ కులం కాని తోడు మనిషి ఒకరు. ఇది సలహా కాదు, షరతు అనుకోండి. ఎందుకో 3వ మెట్టులో చెబుతాను.
- మూడు, నాలుగు నెలల టైము. వచ్చే ఆదివారం సావనీరు ప్రెస్సుకు వెళ్లాలంటే ఈ పని పెట్టుకోకండి. పాత ఫొటోలు నాలుగు వేసి సరిపెట్టండి.

డబ్బు పెద్దగా అవదు. బస్సు ఛార్జీలు, జిరాక్సులు, పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు చేతిలో నాలుగు పళ్లు.

1. ఆ రోజుల్లో మీ ఊరు ఎవరి కింద ఉందో ముందు తేల్చుకోండి

తెలుగు ఊళ్లన్నీ ఒకే ఏలుబడిలో లేవు. కోస్తా, రాయలసీమ ఊళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. వాటిలోనూ కొన్ని నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ ఊళ్లు, కొన్ని జమీందారీ ఊళ్లు, కొన్ని అగ్రహారాలు. తెలంగాణ ఊళ్లు నిజాం రాజ్యంలో ఉండేవి. అందులో కొన్ని నేరుగా నిజాం సర్కారు కింద ఉండే దివానీ ఊళ్లు, కొన్ని జాగీర్దార్ల కింద ఉండే జాగీరు ఊళ్లు.

ఇది తేలకుండా ముందుకు పోతే మొదటి వాక్యమే తప్పవుతుంది. కరీంనగర్ వైపు ఊరి గురించి ఒకాయన “1947 ఆగస్టు 15న మా ఊరు స్వేచ్ఛా వాయువులు పీల్చింది” అని రాసి పంపాడు. ఆ రోజు ఆయన ఊరు ఇంకా నిజాం చేతిలోనే ఉంది. భారత సైన్యం 1948 సెప్టెంబరు 13న వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. నడుమ ఆ 13 నెలలే తెలంగాణ ఊళ్ల చరిత్రలో అసలు ఘట్టం. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి మీద రజాకార్లు పడ్డారు. ‘ఆగస్టు 15’ అనే ఒక్క మాట రాస్తే ఇవన్నీ మాసిపోతాయి.

జిల్లా పేరు కూడా చూసుకోండి. చీరాల 1921లో గుంటూరు జిల్లాలో ఉంది, 1970 నుంచి ప్రకాశంలో, 2022 నుంచి బాపట్ల జిల్లాలో. పాత కాగితాల కోసం బాపట్ల జిల్లా అని వెతికితే ఏమీ దొరకదు. తెలంగాణవాళ్లకు 2016 తర్వాత ఈ తిప్పలు ఇంకా ఎక్కువ. మీ ఊరు 1900 నుంచి ఏయే తాలూకాల్లో, ఏయే జిల్లాల్లో ఉందో ఒక చీటీ రాసి నోటుపుస్తకం అట్టకు అంటించుకోండి.

2. పెద్ద సంఘటనతో కాకుండా, ఊళ్లో కంటికి కనబడేదాంతో మొదలుపెట్టండి

“క్విట్ ఇండియాలో మా ఊరు” అని మొదలుపెడితే దొరికినా దొరక్కపోయినా ఏదో ఒకటి రాసేస్తారు. అందుకని తిరగేయండి. ముందు ఊరంతా ఒకసారి తిరగండి. ఇలాంటివి కనిపిస్తే ఆగండి:

- కాలువ, లాకులు. గోదావరి డెల్టా ఊరైతే ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య కట్టారు. మీ ఊళ్లో వరి ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఏం పండించేవారు, కాలువ ఎవరి పొలం మీదుగా పోయింది?
- ‘మిలిటరీ’ అనే పిలుపు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే అంటారు. ప్రపంచయుద్ధాల నుంచి ఆ ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. మీ ఊళ్లో అలాంటి ఇల్లు ఒక్కటున్నా పతకాలు, డిశ్చార్జి కాగితం అడగండి.
- రంగూన్ డబ్బుతో కట్టిన మేడ. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి వేలమంది బర్మా వెళ్లారు. ముసలివాళ్లు ‘రంగం పోయాడు’ అంటే నాటకరంగం అనుకోకండి, అది రంగూన్. 1942లో జపాన్ బర్మాలోకి వచ్చాక చాలామంది నడిచి తిరిగొచ్చారు.
- తామ్రపత్రం. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భంగా 1972లో సమరయోధులకు ఇచ్చారు. చాలా ఇళ్లలో దేవుడి గూట్లో ఉంటుంది.
- భూదాన భూమి. వినోబా భావేకు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అక్కణ్నుంచి ఆ ఉద్యమం ఊరూరూ తిరిగింది. మీ ఊళ్లోనూ ఇచ్చి ఉంటే, ప్రకటించిన భూమి ఎంత, నిజంగా పంచింది ఎంత అనేది పహాణీలో (ఏటేటా రాసే భూమి లెక్కలో) చూడండి. రెండూ ఒకటే అయితే మీ ఊరు అదృష్టవంతురాలు.
- నిర్వాసితుల కాలనీ. నాగార్జునసాగర్‌కు నెహ్రూ 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశాడు. మునిగిన ఊళ్ల జనం ఎక్కడెక్కడ దిగారో, ఆ ఊళ్ల చరిత్రలు రాసినవాళ్లు చాలా తక్కువ.

వీటిలో ఒక్కటి దొరికినా చాలు. ఒక్క ముడి గట్టిగా పట్టుకుంటే దానికదే మరో రెంటిని లాగుతుంది. ఆరు సంఘటనలకు ఆరు పేరాలు రాయాలని రూలేం లేదు.

3. పెద్దవాళ్లతో మాట్లాడండి, కానీ తేదీలు అడగొద్దు

“తాతయ్యా, 1942లో ఏం జరిగింది?” అని అడిగితే ఆయన టీవీలో చూసింది చెబుతాడు. తప్పు ఆయనది కాదు, ప్రశ్నది. ఆ కాలం నాటి పూట గడవడం గురించి అడగండి. కిరసనాయిలు ఎక్కడ దొరికేది? కంట్రోలు బియ్యం, కంట్రోలు గుడ్డ ఎప్పుడిచ్చారు? ఉప్పు ఎవరు తెచ్చేవారు? ఊళ్లోకి పోలీసులొస్తే ఎవరింట్లో భోజనం? మొదటిసారి ఓటు ఎక్కడ వేశారు, పెట్టె మీద ఏ బొమ్మ ఉంది?

మాది గోదావరి వైపు లోపలి ఊరు. యుద్ధానికీ మాకూ సంబంధమే లేదని పదేళ్లు అనుకున్నాను. ఒకసారి మా వీధి చివర బామ్మగారిని పచ్చళ్ల గురించి అడుగుతుంటే, “బాంబులేసిన ఏడాది ఆవకాయ జాడీలు వేసవి దాటకుండానే ఖాళీ అయిపోయాయి నాయనా” అంది. ఏం బాంబులు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. కాకినాడ నుంచి ఆవిడ మేనత్త కుటుంబం మొత్తం బండి కట్టుకుని మా ఊరొచ్చి మూడు నెలలు ఉంది. రెండో ప్రపంచయుద్ధం మా ఊళ్లోకి ఆవకాయ జాడీలోంచి వచ్చింది. ఆ ప్రశ్న నేను ‘యుద్ధంలో మన ఊరి పాత్ర’ అని అడిగి ఉంటే ఆవిడ “నాకేం తెలుసు, మగాళ్లనడుగు” అనేది.

అందుకే ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. ఇంట్లో మగవాళ్లు పక్కనుంటే మాట మధ్యలో అందుకుంటారు.

తోడు మనిషి సంగతి. ఊరి చరిత్ర అంటే మనకు తెలియకుండానే పెద్ద వీధి చరిత్ర అయిపోతుంది. మాలపల్లెలో, మాదిగపల్లెలో, ఎరుకల గుడిసెల్లో అడిగితే అదే సంఘటన ఇంకోలా వినిపిస్తుంది. పెద్ద వీధిలో “హరిజనోద్యమ కాలంలో మా తాత గుడి తలుపులు తెరిపించాడు” అంటారు. పల్లెలో “ఒకరోజు తెరిచారు, మర్నాడు మూశారు” అంటారు. రెండూ రాసుకోండి. మీరొక్కరే వెళ్తే ఆ రెండో మాట చెప్పరు.

జాగ్రత్తలు రెండు. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పండి. వీధిలో ఎవరినైనా దొంగ అనో, పోలీసులకు చెప్పాడనో, రజాకార్లతో కలిశాడనో అంటే పేరు అచ్చు వేయకండి, మనవలు ఇంకా ఆ వీధిలోనే ఉంటారు.

4. చెప్పిన కాలాన్ని సంవత్సరంలోకి మార్చుకోండి

పెద్దవాళ్ల లెక్కలు మూడు రకాలు.

ఒకటి, తెలుగు సంవత్సరాల పేర్లు. దుర్మతి అంటే 1921-22, ప్రమోదూత అంటే 1930-31, చిత్రభాను అంటే 1942-43. ఇక్కడే గొయ్యి ఉంది. పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి. దుర్మతి 1861 కావచ్చు, 1921 కావచ్చు, 1981 కూడా కావచ్చు. ‘నందన కరువు’ అన్నారంటే గుంటూరు సీమను ఊడ్చేసిన 1832-33 కరువు. ఆ మాట చెప్పిన మనిషి పుట్టిన నందన మాత్రం 1952. ‘ధాత కరువు’ అంటే 1876లో మొదలైనది. మనిషి వయసుతో ఒకసారి సరిచూస్తే గొయ్యి తప్పుతుంది.

రెండోది ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. పాత శిస్తు రసీదుల మీద ఉంటుంది. ఫసలీకి 590 కలపండి, అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1340 అంటే మద్రాసు వైపు 1930 జూలై నుంచి 1931 జూన్ దాకా. నిజాం రాజ్యంలో ఏడాది ఆజుర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది. కాబట్టి తెలంగాణ రసీదుకు మూడు నెలల తేడా చూసుకోవాలి.

మూడోది ఇంటి సంఘటనలు: “మా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు”, “ఉప్పెనకు ముందు”. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19 అని మనకు తెలుసు. పెద్దోడి వయసు కూడా తెలుస్తుంది. అయితే బడి రిజిస్టరులో పుట్టిన తేదీని నమ్మి లెక్క కట్టొద్దు. మన తాతల తరంలో సగం మంది జూలై 1నే పుట్టారు మరి.

5. కాగితాల వేట

అన్నీ వెతకాల్సిన పనిలేదు. మీకు దొరికిన ముడిని బట్టి ఎంచుకోండి.

*ఊళ్లోనే:* కరణాల, పటేల్-పట్వారీల వ్యవస్థ 1984లో రద్దయింది. చాలాచోట్ల పాత లెక్కలు కరణంగారి ఇంటి అటక మీదే ఉండిపోయాయి. మర్యాదగా అడగండి, “భూముల తగాదా కోసం కాదు” అని మొదటి మాటలోనే చెప్పండి. లేకపోతే అటక మీద ఏమీ లేదంటారు. గుడి, మసీదు, చర్చి రిజిస్టర్లు, పాత గ్రంథాలయం సభ్యుల పుస్తకం, సొసైటీ మినిట్స్ కూడా చూడండి.

*రెవెన్యూ:* ఆంధ్ర వైపు పాత సెటిల్‌మెంటు రిజిస్టరు, ఇనాం భూములుంటే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టరు. తెలంగాణలో సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ. సర్వే నంబరు చేత్తో పట్టుకుని వెళ్తే పని తొందరగా అవుతుంది. ‘మా ఊరి చరిత్ర కావాలి’ అంటే ఏ గుమస్తాకైనా అర్థం కాదు. ‘ఫలానా సర్వే నంబరుకు ఫలానా రిజిస్టరు నకలు’ అనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు.

*పాత పత్రికలు:* కృష్ణా పత్రిక 1902లో మొదలైంది. ఆంధ్రపత్రిక దినపత్రికగా 1914 నుంచి వచ్చింది. తెలంగాణకు 1926 నుంచి గోలకొండ పత్రిక. కొన్ని స్కాన్లు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. లేదంటే వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్లకు వెళ్లాలి. సంఘటన జరిగిన రోజు పత్రిక ఒక్కటే చూసి వచ్చేయకండి. పల్లె వార్త టపాలో వెళ్లి అచ్చయ్యేది, తర్వాతి పది పదిహేను రోజులూ తిరగేయండి. మొదటి పేజీలో ఉండదు, లోపల ఎక్కడో నాలుగు లైన్లుంటాయి.

*సెన్సస్ పుస్తకాలు:* 1951 నుంచి జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు ఉచితంగా దొరుకుతాయి. ఊరి జనాభా అందులో చూడండి.

*సైనికులు:* యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో వెతకొచ్చు. కొందరికి తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉంటాయి. ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండవు. పేరు లేదు కాబట్టి తాత యుద్ధానికి వెళ్లలేదని గొడవపడొద్దు.

*పాత కాలం:* 1800 తర్వాత రెండు దశాబ్దాల్లో కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరా రాయించిన కైఫీయతులు, అంటే ఊరి వృత్తాంతాలు. కొన్ని జిల్లాలవి అచ్చయ్యాయి. మీ ఊరిది ఉంటే పండగే. అందులో పురాణం, వాస్తవం కలగలిసి ఉంటాయి, శిస్తుల దగ్గరికి వచ్చాక మాత్రం నమ్మదగ్గ వివరాలు మొదలవుతాయి.

ఇంగ్లీషు కాగితాల్లో వెతికేటప్పుడు ఊరి పేరు నాలుగైదు రకాలుగా రాసి చూడండి. కాకినాడను కొకనాడ అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ రాసిన దొరలు మీ ఊరిని వదిలిపెట్టి ఉండరు.

శాసనం దొరికితే రంగు పూయకండి, నూనె రాయకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే అక్షరాలు వాటంతటవే లేస్తాయి.

6. రెండు వరుసల్లో తేదీలు పేర్చి, ఏది ముందో చూడండి

ఇది అసలు మెట్టు. దీన్ని ఎవరూ చేయరు. కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు ఊరి తేదీలు, కుడివైపు దేశం తేదీలు రాయండి. చీరాల-పేరాల తెలిసిన కథే కాబట్టి దాంతోనే చేసి చూపిస్తాను.

ఎడమవైపు: చీరాల, పేరాలను కలిపి సర్కారు మున్సిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి. జనంలో ఎక్కువమంది చేనేతవాళ్లు, చిన్న రైతులు. మున్సిపాలిటీ మాకొద్దు, పాత యూనియనే ఉంచండి అని అర్జీలు పెట్టారు, పన్ను కట్టం అన్నారు, కొందరు జైలుకు పోయారు.

కుడివైపు: 1920లో సహాయ నిరాకరణ. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. కోటి మంది సభ్యులు, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, 20 లక్షల రాట్నాలు అని అక్కడే తీర్మానించారు.

మళ్లీ ఎడమవైపు: ఆ సమావేశం అయిన వారంలోపే, ఏప్రిల్ 6న గాంధీగారు చీరాల వచ్చారు. పన్ను కట్టకుండా సత్యాగ్రహం చేయొచ్చు, లేదా ఊరే విడిచి వెళ్లొచ్చు అన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో వేలమంది ఊరు ఖాళీ చేసి పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పదకొండు నెలలు ఉన్నారు.

ఇప్పుడు చూడండి, ఏది ముందు? ఊరి తగాదా ముందు. మున్సిపల్ పన్ను కోపం గాంధీగారు నేర్పింది కాదు. దేశం నుంచి వచ్చింది ఆ కోపానికి ఒక పద్ధతి, ఒక పేరు. “గాంధీ పిలుపుతో చీరాల ప్రజలు ఉద్యమించారు” అని రాస్తే నిజం తలకిందులవుతుంది. “పన్ను గొడవలో ఉన్న చీరాలకు సహాయ నిరాకరణ అందివచ్చింది” అంటే సరిపోతుంది. ఆ రోజుల్లోనే జరిగిన పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణకూ, పల్నాడులో పుల్లరి గొడవకూ ఇలాగే ఎడమ వరుస నింపి చూడండి. పశువుల మేతకు పుల్లరి కట్టాలనే బాధ లేకపోతే కన్నెగంటి హనుమంతు కథే లేదు.

మీ ఊరి కాగితం మీద ఎడమ వరుస ఖాళీగా ఉండి కుడి వరుస నిండిపోయిందంటే, ఇంకా 3వ మెట్టులోనే ఉన్నారన్నమాట. వెనక్కి వెళ్లండి.

7. ‘గాంధీగారు వచ్చారు’ను ఇలా సరిచూడండి

ఆయన ఇంగ్లీషు సంపూర్ణ రచనలు 100 సంపుటాలు ఉచితంగా దొరుకుతాయి. సంపుటాల చివర ఏ తేదీన ఎక్కడున్నారో పట్టిక ఉంటుంది. తెలుగు ప్రాంతాలకు 1921లో, 1929 ఏప్రిల్-మే నెలల్లో ఖద్దరు యాత్రకు, 1933 డిసెంబరులో హరిజన యాత్రకు వచ్చారు. ముందు ఇవి చూడండి.

ఊరి పేరు ఉంటే తేదీ వేసి రాయండి. లేకపోతే వెంటనే కొట్టేయకండి. ఆ పట్టికలో దారిలో రెండు నిమిషాలు కారు ఆపిన ఊళ్లన్నీ ఉండవు. ముందు రోజు ఎక్కడున్నారు, మర్నాడు ఎక్కడున్నారు చూడండి. ఆ రెంటి మధ్య రోడ్డు మీ ఊరి మీదుగా పోతుందా? పోతే “ఈ దారిన వెళ్తూ ఇక్కడ ఆగారని పెద్దలు చెబుతారు” అని రాయొచ్చు. పోకపోతే, మీ ఊరివాళ్లే పక్క ఊరి సభకు వెళ్లి ఉంటారు. నా అనుభవంలో ఎక్కువసార్లు జరిగేది ఇదే. అదీ తక్కువ సంగతేం కాదు: పదిహేను మైళ్లు ఎడ్లబండి కట్టుకుని వెళ్లి, ఒంటిమీది గాజులు తీసి ఇచ్చి వచ్చిన ఆడవాళ్లుంటే, ఆయన మన ఊరు రావడం కన్నా అదే మంచి కథ.

8. రాసేటప్పుడు

ప్రతి వాక్యం ఏ నోటుపుస్తకంలోంచి వచ్చిందో తెలియాలి. కాగితం మీద చూసిందైతే మామూలుగా రాయండి. విన్నదైతే ‘అంటారు’, ‘చెబుతారు’ పెట్టండి. తెలుగులో ఈ సదుపాయం ఎంత బాగుందో, దాన్ని సావనీర్లలో అంత పొదుపుగా వాడతారు.

అంకెలు ఒకదానికొకటి కుదరకపోతే రెండూ ఇవ్వండి. బైరాన్‌పల్లిలో చనిపోయినవాళ్ల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అలాంటిచోట మీకు నచ్చిన పెద్ద అంకె ఎంచుకోవద్దు.

‘పాత్ర’ అనే మాట వాడకుండా రాయడానికి ప్రయత్నించండి. “మా ఊరు కీలక పాత్ర పోషించింది” అన్న వాక్యం తీసేస్తే, ఎవరు ఏం చేశారో చెప్పక తప్పదు.

తరచూ జరిగే పొరపాట్లు

*దగ్గర్లో ఉన్న పెద్ద సంఘటనకు అతికించడం.* ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1857 తిరుగుబాటుతో కలిపేస్తారు. ఆయన్ను కోయిలకుంట్లలో ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. పదేళ్ల ముందు.

ఇదే తప్పు నేనూ చేశాను. మా తాతయ్య ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లాడని ఇంట్లో అందరూ అనేవారు. మా బడి ప్రత్యేక సంచికలో అలాగే రాశాను, 1930 అని తేదీతో సహా. రెండేళ్ల తర్వాత ట్రంకుపెట్టె అడుగున జైలు సర్టిఫికెట్ దొరికింది. 1932, విదేశీ గుడ్డల దుకాణం ముందు పికెటింగు. ఉప్పుకూ ఆయనకూ సంబంధం లేదు. ‘జైలు’ అనగానే మా ఇంటివాళ్లకు తెలిసిన ఉద్యమం పేరు తగిలించేశారు, అంతే. సంచిక వెయ్యి కాపీలు అప్పటికే పంచేశారు.

*పింఛను జాబితానే చరిత్ర అనుకోవడం.* పింఛనుకు ఎక్కువగా జైలు రుజువే చూస్తారు. అన్నం పెట్టి దాచినవాళ్లకు, చీటీలు మోసిన పిల్లలకు, దెబ్బలు తిని ఇంటికొచ్చినవాళ్లకు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

*పక్క పట్నం సంఘటనను లాక్కోవడం.* 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. చుట్టుపక్కల ఊళ్ల వ్యాసాల్లో ఆ పేరా మొత్తం దిగుతుంది. మీ ఊరి మనిషి ఆ గుంపులో ఉన్నట్టు ఆధారం ఉంటే రాయండి, లేకపోతే ఆ రోజు మీ ఊళ్లో ఏం జరిగిందో వెతకండి.

*నచ్చనిది వదిలేయడం.* ఊరి మునసబు సర్కారు వైపు ఉన్నాడు, జమీందారు యుద్ధ నిధికి చందా వసూలు చేశాడు. ఇవీ ముడులే. పైగా వీటికి కాగితాలు బాగా దొరుకుతాయి.

9. అచ్చుకు ముందు ఊళ్లో చదివి వినిపించండి

రామాలయం అరుగు మీద ఒకసారి, మాల, మాదిగ పల్లెల్లో ఒకసారి, విడివిడిగా. గొడవ అవుతుందని టెన్షన్ పడకండి, కొంచెం అవుతుంది. “మా తాత పేరేది?” అని కనీసం ముగ్గురు అడుగుతారు. కాగితం తెమ్మనండి. ఒకరిద్దరు నిజంగానే తెస్తారు, అటక మీద మీకు దొరకనివి.

మూడు కాపీలు తీసి ఒకటి బడిలో, ఒకటి మండల గ్రంథాలయంలో, ఒకటి ఊరికి దూరంగా ఉన్న ఎవరింట్లోనైనా పెట్టండి. రికార్డింగులు కూడా రెండు పెన్‌డ్రైవుల్లో వేసి, ఎవరు మాట్లాడారో, ఏ తేదీనో చీటీ కట్టండి. బడి కాపీలో ప్రతి పేజీకీ ఎదురుగా ఒక తెల్లకాగితం కుట్టించండి, దిద్దుబాట్లు రాయడానికి. మా ఊరి కాపీలో ఇప్పటికి పదకొండు రాశారు. నాలుగు సరైనవే. మొదటిది మా తాతయ్య గురించి, నా చేతిరాతలోనే.